తల్లి మిగిల్చిన లెక్క



కుందేళ్లు పెంచే ఇంటికి వెళ్లి, మీ మందలో మేలైనది ఏదో చూపించండి అని అడిగితే చాలామంది ఒకే పని చేస్తారు. బోను తలుపు తీసి, అన్నిటికంటే బరువైన మగ కుందేలును రెండు చేతులతో ఎత్తి చూపిస్తారు. ఐదు కిలోలు తూగుతుందండీ అంటారు. ఆ సంతోషాన్ని నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. కానీ పశువైద్యుడిగా పనిచేసినన్నాళ్లూ వాళ్లకు ఒకటే చెప్పేవాణ్ని. మాంసం కోసం పెంచే మంద బాగుపడేది ముందుగా ఈ మగదాని వల్ల కాదు. పక్క బోనులో, ఈత పెట్టె పక్కన, పొట్టమీది బొచ్చంతా పీక్కుని పిల్లలకు పరిచి, ఎవరి కంటా పడకుండా కూర్చున్న ఆ తల్లి వల్ల. ఈ రోజు నా ప్రసంగం ఆ తల్లిని ఎలా ఎంచుకోవాలన్న దాని గురించి.

మన చేలల్లో, గుట్టల్లో కనిపించే కుందేలు, కొన్నిచోట్ల చెవులపిల్లి అంటామే, అది వేరే జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని వేటాడటం నేరం. బోనుల్లో పెంచేది స్పెయిన్, పోర్చుగల్ నేలలో పుట్టిన బొరియల కుందేలు. రెండింటికీ సంకరం కుదరదు, క్రోమోజోముల లెక్కే వేరు. చేలలో తిరిగే దాని పిల్ల కళ్లు తెరిచి, ఒంటినిండా బొచ్చుతో పుడుతుంది. బోను కుందేలు పిల్ల అలా కాదు. కళ్లు మూసుకుని, ఒంటిమీద నూగు కూడా లేకుండా, ఎర్రటి మాంసపు ముద్దలా పుడుతుంది. పది రోజుల దాకా కళ్లు తెరవదు. ఆ పది రోజులూ దానికి వెచ్చదనమైనా, పాలైనా తల్లి పెట్టిందే. ఆ తల్లి కూడా రోజంతా పిల్లల దగ్గర ఉండదు. రోజుకు సాధారణంగా ఒక్కసారి వచ్చి, నాలుగైదు నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. ఆ నాలుగైదు నిమిషాల్లో ఏ పిల్లకు చన్ను దొరకలేదో అది మర్నాటికి నీరసిస్తుంది, ఆ మర్నాటికి ఉండదు.

అందుకే పుట్టిన పిల్లల లెక్కను నేను సగం లెక్క అంటాను. నెల రోజులకు తల్లి నుంచి వేరు చేసే నాటికి ఎన్ని మిగిలాయన్నదే అసలు లెక్క.

ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివాను గానీ, మనసుకు పట్టింది మాత్రం మదనపల్లె దగ్గర ఒక పల్లెలో. అక్కడ ఒకావిడ ఇంటి వెనక వేపచెట్టు కింద ఇరవై దాకా కుందేళ్లు పెంచేది. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని మొదలుపెట్టింది. ప్రతి బోనుకూ ఒక పెంకు ముక్క వేలాడదీసి, దానిమీద సుద్దముక్కతో గీతలు పెట్టేది. పైవరస గీతలు పుట్టినవి, కింది వరస మిగిలినవి. నేను బోనుల్లోకి చూస్తుంటే ఆవిడ ఒక బోను దగ్గర ఆగి అంది: "ఇది చూడండి సార్. ఎనిమిది ఈనతాది, తొమ్మిది ఈనతాది. నెల తిరిగేసరికి నాలుగు మిగలవు. ఆ మూలది ఉండాదే, అది ఆరే. ఎప్పుడు చూసినా ఆరే. ఆరూ బతుకుతాయి."

దేని కూతుళ్లను నిలుపుతున్నావమ్మా అని అడిగాను. మూలదాని కూతుళ్లనే అంది.

కుందేలుకు ఆవుల మాదిరి నెలనెలా ఎదకు వచ్చే లెక్క లేదు. మగదానితో జత కట్టాకే, పది పన్నెండు గంటలకు అండం విడుదలవుతుంది. ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్లాలి. మగదాన్ని ఆడదాని బోనులో వేస్తే ఆడది తన చోటు కాపాడుకోవడానికి కొరుకుతుంది. జత కట్టిన 31 రోజులకు ఈనుతుంది, ఒకరోజు అటూ ఇటూ. ఇరవై ఏడో రోజుకో ఇరవై ఎనిమిదో రోజుకో ఈత పెట్టె పెట్టాలి. సాధారణంగా ఎనిమిది చన్నులుంటాయి, కొన్నిటికి పది. నిలుపుకునే ఆడపిల్లను తిప్పి చన్నులు లెక్కపెట్టడం పైసా ఖర్చులేని పరీక్ష. ఎనిమిదికి తగ్గినదాన్ని తల్లిగా నిలపవద్దు.

ఇంత వేగంగా ఈనే జంతువులో మంచిదాన్ని ఎంచి నాలుగు తరాల్లో మందను మార్చేయవచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే చిక్కుంది. ఈతలో పిల్లల సంఖ్య తల్లి నుంచి కూతురికి చాలా కొద్దిగానే దిగుతుంది. మందలో ఒక తల్లికీ ఇంకో తల్లికీ కనిపించే తేడాలో 100కు 10 పాళ్లు మాత్రమే, ఒక్కోసారి అంతకన్నా తక్కువే, వంశం నుంచి వచ్చేది. మిగతాదంతా మేత, కాలం, బోను ఎక్కడుంది, ఎన్నో ఈత, ఆ రోజు అదృష్టం. మీ మంద సగటు ఆరు పిల్లలనుకోండి. ఎనిమిది మిగిల్చిన తల్లుల్నే, వాటి కొడుకుల్నే నిలిపారు. రెండు పిల్లల ఆధిక్యం. కూతుళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ ఆధిక్యం ఒక పిల్లలో అయిదో వంతుకు మించి దిగదు. అంటే వంద ఈతలు తీస్తే ఇరవై పిల్లలు ఎక్కువ. కంటితో చూస్తే తెలియదు. రాసిపెట్టుకుంటేనే తెలుస్తుంది.

దీంతో ఎంతోమంది విసిగిపోతారు. ఒక్క ఈత బాగా వచ్చిందని ఒకదాన్ని నెత్తిన పెట్టుకుంటారు, ఒక్క ఈత పాడైందని ఇంకోదాన్ని కోసేస్తారు. ఒక్క ఈత చూసి తల్లిని తూచడం ఒక్క వాన చూసి ఏడాదిని తూచడమే. మూడు ఈతలైనా చూడాలి. దాని తల్లి ఎన్ని మిగిల్చింది, అక్కచెల్లెళ్లు ఎన్ని మిగిల్చాయి, తండ్రి వైపు చెల్లెళ్లు ఎన్ని మిగిల్చాయి, అవన్నీ కలిపి చూడాలి. మగదాని విషయంలో మరీను. అది ఈనదు, పాలివ్వదు. దాని గుణం దాని తల్లి పుస్తకంలోనే ఉంటుంది. పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తెచ్చుకోవాలని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఈ ఓపికను ప్రపంచంలో బాగా చూపించినవాళ్లు ఇద్దరు. ఫ్రాన్స్‌లో టూలూజ్ దగ్గర ఆ దేశపు వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్లు, స్పెయిన్‌లో వాలెన్సియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంవాళ్లు. వాళ్లు దశాబ్దాల తరబడి తరం వెంట తరం, తల్లి నుంచి వేరు చేసే నాటి పిల్లల సంఖ్యను చూసి ఎంచుకుంటూ వచ్చారు. వాళ్లకు దక్కిన ఫలితం తరానికి ఈతకు దాదాపు 0.1 పిల్ల. పది తరాలు కష్టపడితే ఈతకు ఒక్క పిల్ల. ఆ ఒక్కటీ నిజంగా వచ్చిందా లేక మేత మెరుగై, బోనులు మెరుగై వచ్చిందా అని తేల్చడానికి వాలెన్సియావాళ్లు చేసిన పని నాకు ఎంతో నచ్చింది. పాత తరాల పిండాలను గడ్డకట్టించి దాచిపెట్టారు. ఏళ్ల తర్వాత వాటిని కరిగించి, పెంపుడు తల్లుల గర్భంలో పెట్టి, పాత తరాన్ని కొత్త తరం పక్క బోనులోనే పుట్టించారు. ఒకే మేత, ఒకే గాలి. అలా పక్కపక్కన పెట్టి చూస్తే తేడా నిజమేనని తేలింది.

అదే వాలెన్సియాలో ఇంకో పని చేశారు. ఎక్కువ పిల్లల్ని ఈనే తల్లుల్ని కాకుండా, ఎక్కువ కాలం నిలిచే తల్లుల్ని వెతికారు. ఐరోపాలో మాంసం కోసం నడిపే పెద్ద ఫారాల్లో తల్లి కుందేలు చాలావరకు ఏడాది తిరక్కుండానే పోతుంది. జబ్బు చేసో, చూలు నిలవకో. అలాంటి ఫారాల్లో గాలించి, కనీసం 25 ఈతలు ఈని, ఈతకు సగటున 7.5కు తగ్గకుండా బతికిన పిల్లల్ని కన్న తల్లుల్ని వెతికి పట్టుకున్నారు. ఆలోచించండి, 25 ఈతలు! ఎన్ని జబ్బులు దాటి, ఎన్ని వేసవులు దాటి నిలబడిందో. ఆ తల్లుల సంతతితో ఒక కొత్త వంశం కట్టారు. దాన్ని వాళ్లు ఎల్‌పీ అంటారు. ఆ తర్వాత పరీక్షించి చూస్తే, అంతా సవ్యంగా ఉన్నప్పుడు కాదు, వేడి పెట్టినప్పుడు, మేతలో సారం తగ్గించినప్పుడు ఈ వంశం తల్లులు మిగతావాటికన్నా బాగా తట్టుకున్నాయి. ఒంట్లో నిల్వ ఉంచుకుని, కష్టకాలంలో ఆ నిల్వ తీసి వాడుకునే గుణం వాటిలో కనిపించింది.

స్పెయిన్‌లోనే ఎల్చే అనే ఊళ్లో మరో ప్రయోగం జరిగింది. అక్కడ ఎంచుకున్న గుణం పిల్లల సంఖ్య కాదు, ఆ సంఖ్యలో నిలకడ. ఒక ఈతకు పది, ఇంకో ఈతకు మూడు ఈనే తల్లులు ఒకవైపు, ఈత ఈతకూ ఇంచుమించు ఒకే లెక్కలో ఈనే తల్లులు ఇంకోవైపు. తరాల పాటు రెండు వైపులా ఎంచుకుంటూ పోతే, నిలకడగా ఈనే తల్లులే ఒత్తిడిని, జబ్బుల్ని మెరుగ్గా తట్టుకున్నాయని తేలింది. ఆ వ్యాసం చదివిన రోజు నాకు మదనపల్లె దగ్గరి ఆవిడ గుర్తొచ్చింది. ఎప్పుడు చూసినా ఆరే. ఆరూ బతుకుతాయి. శాస్త్రవేత్తలు పదేళ్ల లెక్కలతో చేరుకున్న చోటికి ఆవిడ పెంకు ముక్కమీద గీతలతో చేరుకుంది.

ఇక మొదట చెప్పిన ఆ బరువైన మగదాని దగ్గరికి వద్దాం. దానికీ చోటుంది, కానీ వేరే చోటు. పెరుగుదల వేగం వంశంలో బాగానే దిగుతుంది, పిల్లల సంఖ్యకన్నా రెండు మూడింతలు ఎక్కువగా. అందుకని ఎంచుకోవడం తేలిక. పిల్లను వేరు చేసిన రోజు తూచి, మళ్లీ నెలకు తూచి, రోజుకు ఎన్ని గ్రాములు పెరిగిందో లెక్కకడితే చాలు. అయితే వేగంగా పెరిగే వంశం పెద్దయ్యాక కూడా పెద్దదే అవుతుంది. ఐదు కిలోల తల్లి ఏడాది పొడుగునా ఐదు కిలోల ఒంటికి సరిపడా మేత తింటుంది. మీ దాణా ఖర్చు అక్కడ పోతుంది. అందుకే ఐరోపాలో ఈ రెండు గుణాలనూ ఒకే కుందేలులో వెతకరు. ఎక్కువ పిల్లల్ని మిగిల్చే రెండు వేర్వేరు తల్లి వంశాలను కలిపి సంకర తల్లిని తీస్తారు. దానిమీదికి వేగంగా పెరిగే మూడో వంశం మగదాన్ని దాటిస్తారు. పుట్టినవన్నీ మాంసానికే పోతాయి, వాటిలో ఒక్కదాన్ని కూడా మందకు నిలపరు. స్పెయిన్‌లో అలా పుట్టిన పిల్ల తొమ్మిది వారాలకు రెండు కిలోలకు వస్తుంది.

ఆ మూడో వంశానికి ఒక మంచి ఉదాహరణ అమెరికాలో ఉంది. 1986లో అలబామాలో మొదలై, 1994లో టెక్సస్ దక్షిణాన కింగ్స్‌విల్‌కు చేరిన ఆల్‌టెక్స్. రెండు రాష్ట్రాల పేర్లు కలిపి పెట్టిన పేరు. ఫ్లెమిష్ జయంట్, షాంపేన్ దార్జాన్, కాలిఫోర్నియన్ జాతుల్ని కలిపి, 70 రోజుల వయసులో బరువు చూసి ఎంచుకుంటూ వచ్చారు. కింగ్స్‌విల్ ఎండ మన ఎండకు తీసిపోయేది కాదు. అక్కడే పెంచి, అక్కడే ఎంచుకున్నారు. ఈ మాట నాకు ముఖ్యం.

మన దగ్గర కుందేలుకు అసలు శత్రువు ఎండ. దానికి చెమట గ్రంథులు లేనట్టే. ఒంట్లో వేడిని చెవుల మీదుగా, రొప్పుతూ ఊపిరి మీదుగా పంపించుకోవాల్సిందే. 15 నుంచి 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉండే జంతువు. 30 దాటితే మేత తగ్గిస్తుంది. 35 దాటి గాలి ఆడకపోతే చచ్చిపోతుంది. మన దేశంలో మాంసపు కుందేళ్ల మీద పనిచేసే కేంద్రాల్లో ముఖ్యమైనది తమిళనాడులో కొడైకెనాల్ కొండల మీద మన్నవనూరులో ఉంది. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో ఉన్న కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థకు అది దక్షిణాది శాఖ. వైట్ జయంట్, సోవియట్ చిన్‌చిల్లా జాతుల్ని అక్కడ వృద్ధి చేస్తున్నారు. మంచి కుందేళ్లు, నమ్మకమైన రికార్డులు. కానీ స్వెటర్ వేసుకుని తిరిగే కొండమీద మేలైనది, మే నెలలో 43 డిగ్రీల కడప ఎండలోనూ మేలైనదే అవుతుందని చెప్పలేం. తెచ్చుకోండి, తప్పకుండా తెచ్చుకోండి. తెచ్చాక మాత్రం మీ వేపచెట్టు కింద, మీ రేకుల షెడ్డులో, మీ దశరథ గడ్డి తిని ఏ తల్లి ఎన్ని మిగిల్చిందో చూసి మళ్లీ మొదటి నుంచీ ఎంచుకోవాలి. ఈజిప్టువాళ్లు అదే చేశారు. వాలెన్సియా నుంచి తెచ్చిన వంశాన్ని తమ ఎర్రటి నాటు కుందేలుతో కలిపి, తమ ఎండలోనే ఎంచుకుని కొత్త వంశం కట్టుకున్నారు.

ఎండ విషయంలో నా చేతిమీదుగా జరిగిన ఒక తప్పు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో, ఒక జూన్ నెలలో ఒక రైతు వచ్చి, పది తల్లుల్ని దాటిస్తే ఎనిమిదింటికి చూలు నిలవలేదన్నాడు. నేను వెళ్లి చూసి, అవి గొడ్డుపోయాయి, తీసేయమన్నాను. తీసేశాడు. అందులో మూడు అంతకుముందు ఏడాది ఆ మందలో అన్నిటికన్నా ఎక్కువ పిల్లల్ని మిగిల్చినవి. లోపం వాటిది కాదని నాకు తర్వాత తెలిసింది. ఏప్రిల్, మే ఎండలకు మగదాని బీజం దెబ్బతింటుంది. కొత్త బీజం తయారై రావడానికి రెండు నెలల దాకా పడుతుంది. వానలు పడ్డాయి కదా అని జూన్‌లో దాటిస్తే మగది ఉత్సాహంగా ఎక్కుతుంది గానీ చూలు నిలవదు. ఆ రైతు తన మందలో మేలైన రక్తాన్ని నా మాట విని సంతకు తోలాడు. అప్పటి నుంచి ఎవరు అడిగినా చెబుతున్నాను. వేసవి తర్వాత చూలు నిలవని తల్లిని తొందరపడి తీయకండి. ఆగస్టు దాకా ఆగండి. మగ కుందేళ్లను వేసవిలో షెడ్డులో అన్నిటికన్నా చల్లని మూల పెట్టండి, పైకప్పు మీద కొబ్బరాకులో చెరకు ఆకులో పరిచి తడపండి. నిండు వేసవిలోనూ చూలు నిలిపిన మగది ఏదైనా ఉంటే దాని బోనుకు గుర్తు పెట్టుకోండి. దాని కొడుకు ఐదు కిలోలు తూగకపోయినా ఫర్వాలేదు.

రెండో దెబ్బ ఎండ కొట్టేది కాదు, మనుషులు కొట్టేది. కొన్నేళ్ల కిందట మన రాష్ట్రాల్లో యూనిట్ల పేరుతో కుందేళ్లు అమ్మారు. ఏడు ఆడవి, మూడు మగవి కలిపి ఒక యూనిట్. పిల్లల్ని మేమే కొంటామని కాగితం రాసిచ్చారు. నాకు తెలిసిన ఒక కుటుంబం అలా ఐదు యూనిట్లు కొన్నది. ఇంటి పెద్దాయన బర్రెల్ని అమ్మి డబ్బు కట్టాడు. ఏడాది తిరిగేసరికి కొనేవాళ్ల ఫోను మోగడం ఆగిపోయింది. ఆ అన్యాయం గురించి అందరూ మాట్లాడారు. ఎవరూ మాట్లాడనిది ఒకటుంది. వచ్చిన యాభై కుందేళ్లలో ఒక్కదాని చెవిమీద కూడా అంకె లేదు. న్యూజిలాండ్ వైట్ తెల్లనిదే, వైట్ జయంట్ తెల్లనిదే, రెండింటికీ కళ్లు ఎర్రనివే. ఏది ఎవరి అన్నో, ఏది ఎవరి చెల్లెలో చెప్పేవాడు లేడు. అన్నాచెల్లెళ్లను జత కడితే పుట్టే పిల్లలో రక్తపు దగ్గరితనం 25 శాతం. తండ్రిని కూతురితో జత కట్టినా అంతే. ఇలా రెండు తరాలు నడిస్తే ఈతలో పిల్లలు తగ్గుతాయి, పుట్టినవి నిలవవు. మంద దానంతట అదే కరిగిపోతుంది. ఆ కుటుంబం మేతను తప్పుపట్టింది, నీళ్లను తప్పుపట్టింది, చివరికి ఇంటి వాస్తును కూడా తప్పుపట్టింది.

దీనికి మందు ఖరీదైనది కాదు. మీ మందను నాలుగు కుటుంబాలుగా విడదీయండి, బోనులకు నాలుగు రంగులు వేయండి. ఆడపిల్ల ఎప్పుడూ తల్లి రంగులోనే నిలుస్తుంది. మగపిల్ల ఎప్పుడూ పక్క రంగుకు వెళుతుంది. ఎరుపు మగది పసుపు ఆడవాటికి, పసుపు మగది పచ్చవాటికి, పచ్చది నీలంవాటికి, నీలంది మళ్లీ ఎరుపువాటికి. ఇంత చేస్తే చాలా తరాల దాకా దగ్గరి రక్తం కలవదు. ఇరవై బోనుల ఇంట్లో నాలుగు కుటుంబాలు పట్టకపోతే నలుగురు ఇరుగుపొరుగు కలిసి ఇంటికొక రంగు పెట్టుకోవచ్చు. పొదుపు సంఘాలున్న ఊళ్లో ఇది కుదురుతుంది, నేను కుదిర్చి చూశాను. ఒక జాగ్రత్త. ఒకే రోజు ఈనిన తల్లుల మధ్య మొదటి రెండు రోజుల్లో పిల్లల్ని సర్దడం మంచిదే. పది ఉన్న పెట్టెలోంచి రెండింటిని నాలుగున్న పెట్టెలోకి మారిస్తే పిల్లలు నిలుస్తాయి. కానీ ఏ పిల్ల కన్నతల్లి ఏదో చెవిమీద గుర్తు పెట్టకుండా మార్చవద్దు. పెంచిన తల్లి పేరుమీద రాస్తే పుస్తకం అబద్ధమవుతుంది.

పుస్తకం అంటే భయపడకండి. ఒక తల్లికి ఒక పేజీ. దాని అంకె, తల్లి అంకె, తండ్రి అంకె. దాటించిన తేదీ, ఏ మగదానితో, ఈనిన తేదీ, పుట్టినవి, నెలకు మిగిలినవి, ఆ రోజు మొత్తం పిల్లల బరువు. చదువు రాని ఇంట్లో పిల్లలు బడి నుంచి వచ్చాక రాయవచ్చు. బజారులో మూడు నెలల పిల్లను కిలో లెక్కన కొనేవాడికి ఈ పేజీతో పనిలేదు. మీ దగ్గర తల్లి పిల్లను కొనడానికి వచ్చే రైతుకు మాత్రం ఆ పేజీ చూపించండి. చూపించలేనివాడి దగ్గర మీరూ కొనకండి.

మదనపల్లె దగ్గరి ఆవిడ ఇంటికి నేను మళ్లీ నాలుగేళ్ల తర్వాత వెళ్లాను. మూలదాని బోనులో మూలది లేదు. ముసలిదై పోయిందట. పెంకు ముక్కల స్థానంలో ఒక లావుపాటి నోటు పుస్తకం వచ్చింది. ఆవిడ కూతురు ఇంటర్ చదువుతూ అందులో రాస్తోంది. మూలదాని మనవరాళ్లు ఎన్నమ్మా అని అడిగాను. ఆ పిల్ల పేజీలు తిప్పి, పదకొండు అంది. వాటిలో ఏడు ఇంకా ఈనుతున్నాయి, సగటు ఆరున్నర. తీసేసిన నాలుగింటి పేజీల మీద అడ్డగీత కొట్టి, ఎందుకు తీసేశారో పక్కన రాసి ఉంది. ఒకదాని పక్కన ఇలా ఉంది: బాగా లావు, పిల్లల్ని తొక్కుతాది.